జెట్టు మీది అంకె: మార్పులు చేసిన పాత బుల్లెట్‌కు కార్బురేటర్ జెట్ల ఎంపిక

ఉపోద్ఘాతం

కార్బురేటర్‌లో జెట్టు అనేది చిటికెన వేలి గోరు కన్నా చిన్నదైన ఇత్తడి మర. దాని నడుమ సన్నని రంధ్రం ఉంటుంది. మెయిన్ జెట్టులో ఆ రంధ్రం వ్యాసం సుమారు ఒక మిల్లీమీటరు. బండి పూర్తి వేగంతో పోతున్నప్పుడు ఇంజనుకు ఎంత పెట్రోలు అందాలో నిర్ణయించేది ఆ రంధ్రమే. జెట్టు తల మీద ఒక అంకె చెక్కి ఉంటుంది. పాత బండికి సైలెన్సరో ఎయిర్ ఫిల్టరో మార్చినవారు మెకానిక్కును మొట్టమొదట అడిగే ప్రశ్న, "ఎంత నంబరు జెట్టు వేయాలి?" అన్నది. ఈ ప్రశ్నకు ఒక్క అంకెతో సమాధానం చెప్పడం ఎందుకు కుదరదో, అయినా తగిన జెట్టును ఏ క్రమంలో వెతికి పట్టుకోవచ్చో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఉదాహరణకు తీసుకున్న వాహనం మద్రాసులో తయారైన, పోత ఇనుప సిలిండరు గల 350 బుల్లెట్.

తెలుగు అధ్యాపకుడికి కార్బురేటర్‌తో ఏం పని అన్న సందేహం పాఠకులకు కలగడం సహజం. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి వ్యవసాయ పదాలతో 1962లోను, చేనేత పదాలతో 1971లోను వెలువరించిన మాండలిక వృత్తిపదకోశ సంపుటాలను పరిశోధక విద్యార్థిగా చదివినప్పుడు నాకు ఒక అలవాటు పట్టుబడింది. వృత్తి పదం వినగానే దాని వెనక ఉన్న పనిని చూడాలనిపిస్తుంది. పనిని చూడకుండా పదాన్ని వివరించడం సాధ్యం కాదు. ఇది మొదటి కారణం. రెండోది అంత శాస్త్రీయమైనది కాదు. మా నాన్నగారి 1986 నాటి బుల్లెట్ ఇంజను నా చేతిలో పట్టేసింది.

జరిగిన సంగతి

బండితో వచ్చిన కార్బురేటర్ అరిగిపోవడంతో 1990లలో నాన్న దానికి మిక్‌కార్బ్ వీఎం 24 పెట్టించారు. నా చేతికి వచ్చాక నేను మూడు మార్పులు చేశాను. గొట్టంలో అడ్డంకులు తక్కువగా ఉండే సైలెన్సరు వేయించాను. ఫిల్టరు పెట్టె తీసేసి కార్బురేటర్ నోటికి నేరుగా శంఖాకారపు ఫిల్టరు బిగించాను. సిలిండరు బోరుకు రావడంతో తొలిపించి కొత్త పిస్టన్ వేయించాను. ఇది హైదరాబాదులో, మే నెలలో. ట్యూనింగ్ చేసిన మెకానిక్కు 100 నంబరు మెయిన్ జెట్టు వేసి, మైలేజీ కోసం నీడిల్ క్లిప్పును పై నుంచి రెండో గాడిలో పెట్టాడు. నగరంలో బండి చక్కగా నడిచింది.

డిసెంబరులో విజయవాడకు బయలుదేరాను. తెల్లవారుజామున ఖాళీ రహదారి, చల్లని గాలి. బండి ఎన్నడూ లేనంత హుషారుగా పరిగెత్తింది. గంటకు పైగా యాక్సిలరేటరు దించలేదు. నందిగామ దాటాక ఇంజను శబ్దంలో సన్నని గీరుడు వినిపించింది. క్లచ్ పట్టుకునేలోపే వెనక చక్రం ఒక్కసారి బిగిసి వదిలింది. పక్కకు తీసి ఆపాను. చల్లారాక కిక్కు కదిలింది గాని కంప్రెషన్ సగం పోయింది.

విజయవాడలో బండి విప్పిన పెద్ద వయసు మేస్త్రి పిస్టన్ చేతికిచ్చి, దాని పక్కల మీద నిలువుగా పడిన గీతలు చూపించాడు. ప్లగ్గు సుద్దముక్కలా తెల్లగా ఉంది. "ఈ జెట్టు బండికి చాల్లేదండి మాస్టారూ" అన్నాడు. "మే నెలలో సరిపోయిందే" అన్నాను. "ఎండాకాలంలో సరిపోయుంటదండి" అన్నాడు, మరేమీ వివరించకుండా. ఆ వాక్యంలో ఎంత లెక్క దాగి ఉందో తెలుసుకోవడానికి నాకు చాలా నెలలు పట్టింది.

నేరమంతా జెట్టుదే అనడం న్యాయం కాదు. కొత్త పిస్టన్‌కు సిలిండరులో వదిలిన సందు తక్కువై ఉండవచ్చు. అలవాటు పడని పిస్టన్‌ను గంటసేపు ఆగకుండా తోలడం నా తప్పు. అయినా ప్లగ్గు తెలుపు అబద్ధం చెప్పదు.

చిక్కన, పలచన

ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో సుమారు 14.7 పాళ్లు గాలి కావాలి. ఇంజను గరిష్ఠ శక్తినిచ్చేది అంతకన్నా పెట్రోలు కొంచెం ఎక్కువైనప్పుడు, దాదాపు 12.5 నుంచి 13 పాళ్ల గాలి దగ్గర. పెట్రోలు ఎక్కువైన మిశ్రమాన్ని మెకానిక్కులు 'రిచ్' అనీ, తక్కువైనదాన్ని 'లీన్' అనీ అంటారు. ఒకోచోట 'పెట్రోలు ఎక్కువ పడుతోంది', 'తక్కువ పడుతోంది' అంటారు. ఈ వ్యాసంలో మజ్జిగకు వాడే మాటలే వాడుతున్నాను. పెట్రోలు ఎక్కువైతే చిక్కని మిశ్రమం, తక్కువైతే పలచని మిశ్రమం.

ఈ రెండు తప్పులూ సమానమైనవి కావు. మిశ్రమం చిక్కనైతే ప్లగ్గుకు మసి పడుతుంది, పొగ వస్తుంది, మైలేజీ పడిపోతుంది, సిలిండరు గోడ మీది నూనె కొంత కడుక్కుపోతుంది. ఇవన్నీ కనబడే, వినబడే, జేబుకు తగిలే నష్టాలు. వాటిని సరిదిద్దుకోవడానికి వ్యవధి ఉంటుంది. పూర్తి బరువు మీద మిశ్రమం పలచనైతే మాత్రం బండి చాలాసేపు బాగున్నట్టే ఉంటుంది. చిక్కని మిశ్రమంలోని అదనపు పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు ఇంజను లోపలి వేడిని కొంత తీసుకుపోతుంది. పలచని మిశ్రమంలో ఆ చల్లదనం లేదు. పైగా మంట నెమ్మదిగా సాగి సిలిండరు గోడలను, ఎగ్జాస్టు వాల్వును ఎక్కువసేపు కాలుస్తుంది. పిస్టన్ అల్యూమినియంది, సిలిండరు పోత ఇనుముది. ఒకే వేడికి అల్యూమినియం పోత ఇనుముకన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. నడుమ ఉన్న సందు మూసుకుపోతే పిస్టన్ పట్టేస్తుంది. గాలితో చల్లబడే ఇంజనులో ఈ ప్రమాదాన్ని హెచ్చరించే మీటరు ఏదీ ఉండదు. అందువల్ల సందేహం వచ్చిన ప్రతిచోటా ఒక మెట్టు చిక్కగా ఉంచడమే వివేకం. మైలేజీ మీద మమకారం గల మన మెకానిక్కులకు, వారిని ఆ దారి పట్టించిన మన యజమానులకు ఈ మాట రుచించదు.

అంకె ఏం చెబుతుంది?

జెట్టు మీద 100 అని ఉంటే దేనికి 100? దీనికి అన్ని సంస్థలదీ ఒకే సమాధానం కాదు. ఇంగ్లండుకు చెందిన అమల్ కార్బురేటర్లలో అంకె ప్రవాహాన్ని చెబుతుంది. ప్రామాణిక పరీక్షలో ఆ రంధ్రం గుండా నిమిషానికి ఎన్ని ఘన సెంటీమీటర్ల ద్రవం పోతుందో అదే అంకె. జపాన్‌కు చెందిన కెయ్‌హిన్, ఇటలీకి చెందిన డెల్లార్టో జెట్లలో అది రంధ్రం వ్యాసం, మిల్లీమీటరులో నూరో వంతుల లెక్కన. మికునీ జెట్లలో ఒక రకానికి ప్రవాహమూ మరో రకానికి వ్యాసమూ కొలమానాలు. మిక్‌కార్బ్ మికునీ సంప్రదాయానికి చెందినదే.

ఈ తేడా పండితులకు మాత్రమే పనికొచ్చేది కాదు. ప్రవాహపు కొలతలో 100 నుంచి 105కు పోతే పెట్రోలు 5 శాతం పెరుగుతుంది. వ్యాసపు కొలతలో అదే మార్పు రంధ్రం వైశాల్యాన్ని 10 శాతానికి పైగా పెంచుతుంది, ఎందుకంటే వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది. ఒక సంస్థ 110ని తీసి మరో సంస్థ 110ని వేసి 'అదే నంబరు కదా' అనుకోవడం ఊరి మానికను, పట్నపు లీటరును ఒకటే అనుకోవడం వంటిది.

ఇంతకన్నా పెద్ద చిక్కు మరొకటుంది. జెట్టు మూసుకుపోయినప్పుడు క్లచ్ కేబులు నుంచి ఒక పోగు పీకి రంధ్రంలో పొడవడం మన షెడ్లలో నిత్యకృత్యం. ఇత్తడి మెత్తనిది, కేబులు పోగు ఉక్కుది. నాలుగుసార్లు పొడిచేసరికి 90 అని రాసి ఉన్న జెట్టు 90 కాదు. కొత్త జెట్టు దొరకనప్పుడు పాతదాని రంధ్రాన్ని టంకంతో పూడ్చి, సన్నని బెజ్జం తిరిగి తొలిచే పనితనం కూడా మనవాళ్లకు ఉంది. ఆ చేతి నైపుణ్యాన్ని నేను మెచ్చుకుంటాను, ఆ జెట్టు మీది అంకెను మాత్రం నమ్మను. ట్యూనింగ్ మొదలుపెట్టేముందు ఎన్నడూ పొడవని కొత్త జెట్లు నాలుగైదు వరుస నంబర్లలో కొనుక్కోవడం మొదటి ఖర్చు. ఆ తరువాత ఎప్పుడు మూసుకుపోయినా కార్బురేటర్ శుభ్రపరిచే ద్రవంతోను, గాలి పీడనంతోను మాత్రమే శుభ్రం చేయాలి.

ఎవరి పాలు ఎంత?

కార్బురేటర్ అంటే ఒకే జెట్టు కాదు. వీఎం తరగతి కార్బురేటర్‌లో యాక్సిలరేటరు తిప్పినకొద్దీ లోపల గుండ్రని స్లైడు పైకి లేస్తుంది. స్లైడు ఎంత లేచిందన్నదాన్ని బట్టి పెత్తనం ఒకరి నుంచి మరొకరికి మారుతుంది. మూసి ఉన్న స్థితి నుంచి ఎనిమిదో వంతు వరకు పైలట్ జెట్టు, ఎయిర్ స్క్రూ; మన షెడ్లలో పైలట్‌ను 'స్లో జెట్టు' అంటారు. అక్కడి నుంచి పావు వంతు దాకా స్లైడు అడుగున ఏటవాలుగా కోసిన కోత. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్, అది దిగే నీడిల్ జెట్టు. ముప్పావు దాటాకే మెయిన్ జెట్టు నిజమైన పెత్తనం. ఈ హద్దులు గోడ కట్టినట్టు ఉండవు. పక్కపక్కవాళ్ల ప్రభావం ఒకరి మీద ఒకరికి ఉంటుంది.

దీన్నిబట్టి ఒక సాధారణ పొరపాటు అర్థమవుతుంది. నగరపు రద్దీలో బండి ఎక్కువ సమయం నడిచేది పావు వంతు లోపలే. అక్కడ బండి వెక్కిళ్లు పెడితే మెయిన్ జెట్టు మార్చడం తలనొప్పికి కాలికి కట్టు కట్టడమే. అలాగే నగరంలో బండి చక్కగా నడిచినంత మాత్రాన మెయిన్ జెట్టు సరైనదని చెప్పలేము. నాకు జరిగింది ఇదే. మే నుంచి డిసెంబరు దాకా నా బండి మెయిన్ జెట్టు పరీక్షకు నిలబడిన సందర్భమే లేదు.

కాబట్టి ముందు చేయవలసిన పని యాక్సిలరేటరు పిడి మీద, పక్కనున్న స్థిరభాగం మీద తెల్ల టేపు అంటించి సున్న, పావు, సగం, ముప్పావు, పూర్తి అని గీతలు గీయడం. వేగం ఎంతన్నది కాదు, గీత ఎక్కడున్నదన్నదే ముఖ్యం.

సైలెన్సరు, ఫిల్టరు మారిస్తే ఏమవుతుంది?

'ఫిల్టరు తీస్తే గాలి ఎక్కువ వస్తుంది, అందుకని పెట్రోలు కూడా ఎక్కువ కావాలి' అని అందరూ చెప్పే మాట. ఇది సగమే వివరణ. గాలి ఎక్కువగా, వేగంగా పోతే కార్బురేటర్ గొంతులో పీడనం ఇంకా పడిపోతుంది. ఆ మేరకు పెట్రోలు కూడా ఎక్కువగానే పైకి వస్తుంది. కార్బురేటర్ కనిపెట్టిందే అందుకు. మరి మిశ్రమం ఎందుకు పలచనవుతుంది?

ఫ్లోటు గదిలోని పెట్రోలు మీద పనిచేసేది బయటి వాతావరణ పీడనం. గొంతులోని పీడనానికి, దీనికి ఉన్న తేడాయే పెట్రోలును పైకి తెస్తుంది. ఫిల్టరు పెట్టె ఉన్నప్పుడు గాలి దాన్ని దాటడానికి కొంత ప్రయాసపడుతుంది. దానివల్ల కార్బురేటర్ నోటి దగ్గరే పీడనం కాస్త తగ్గి ఉంటుంది. ఆ తగ్గుదల కూడా పెట్రోలును లాగడంలో భాగం పంచుకుంటుంది. కొబ్బరిబొండంలో స్ట్రా వేసి పీల్చేటప్పుడు ఎంత గట్టిగా పీలిస్తే అంత నీరు వచ్చినట్టే ఇదీ. ఫిల్టరు పెట్టె తీసేస్తే ఆ అదనపు పీల్పు పోతుంది. గాలి పెరిగి, పెట్రోలును లాగే బలం ఆ నిష్పత్తిలో పెరగక, మిశ్రమం పలచబడుతుంది. గాలి ప్రవాహం ఎక్కువగా ఉండే పూర్తి యాక్సిలరేటరు దగ్గర ఈ తేడా అధికం. అందుకే ఫిల్టరు మార్పు ప్రధానంగా మెయిన్ జెట్టును కోరుతుంది.

సైలెన్సరు ఒక్కటే మారిస్తే ప్రభావం ఇంతకన్నా తక్కువ. యాక్సిలరేటరు వదిలినప్పుడు సైలెన్సరులో పటపటమని పేలుళ్లు వినిపిస్తే పైలట్ పరిధిలో మిశ్రమం పలచగా ఉందని అనుమానించవచ్చు. అయితే సైలెన్సరు గొట్టం సిలిండరుకు అతికే చోట గాలి చొరబడినా అదే చప్పుడు వస్తుంది, ముందు అది చూడాలి. ఇంతకూ తయారీ నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడం 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ పరిధిలోకి వస్తుంది. నా బండి ఇప్పుడు ధ్వని తగ్గించిన గొట్టంతో నడుస్తున్నది, పొరుగింటివారి కోరిక మేరకు కూడా.

సిలిండరు తొలిపించడం గురించి అపోహ ఎక్కువ. బుల్లెట్ 350 సిలిండరు వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టన్ ప్రయాణం 90. పరిమాణం 346 ఘన సెంటీమీటర్లు. అర మిల్లీమీటరు పెద్దది చేస్తే 351 అవుతుంది. ఒకటిన్నర శాతమైనా లేని ఈ పెరుగుదలకు జెట్టు మార్చనక్కరలేదు. పెద్ద కార్బురేటర్ వేయడం మాత్రం వేరే కథ. 24 స్థానంలో 28 వేస్తే గొంతు వైశాల్యం 36 శాతం పెరుగుతుంది. అదే గాలి నెమ్మదిగా పోతుంది, పెట్రోలును లాగే బలం తగ్గుతుంది. కాబట్టి పాత జెట్ల అంకెలేవీ అక్కడ చెల్లవు.

ఎంపిక క్రమం

జెట్టు ముట్టుకునేముందు ఇంజను మిగతా విషయాలలో ఆరోగ్యంగా ఉండాలి. చల్లని ఇంజనులో పుష్‌రాడ్లు వేళ్లతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ మాత్రం కదలకూడదు. పాయింట్ల సందు, టైమింగు సరిచూడాలి. ఫ్లోటు మట్టం తక్కువైతే అన్ని పరిధుల్లోనూ మిశ్రమం పలచనే. అప్పుడు ఏ జెట్టూ సమాధానం కాదు. కార్బురేటర్‌కు, సిలిండరుకు నడుమ అతుకు దగ్గర గాలి చొరబడుతోందేమో చూడాలి. ఈ తనిఖీలు విసుగు పుట్టిస్తాయి. వీటిని దాటేసినవాళ్లే జెట్ల డబ్బాలు కొని కొని అలసిపోతారు.

ఆ తరువాత మెయిన్ జెట్టుతో మొదలుపెట్టాలి. మధ్య పరిధిలో నీడిల్ దగ్గరకు చేరే పెట్రోలు కూడా మెయిన్ జెట్టు గుండానే రావాలి కనుక ముందు ఆ ద్వారం సరిపడాలి. సరిపోతుందనుకున్నదానికన్నా రెండు మెట్లు పెద్ద జెట్టు వేసి కిందికి దిగడం మంచిది. చిన్నదాంతో మొదలుపెట్టి పైకి ఎక్కితే ఆ ప్రయాణంలోనే పిస్టన్ పోవచ్చు. ఖాళీగా ఉన్న రహదారి మీద, పగటిపూట, హెల్మెట్టుతో, వెనక ఎవరూ లేనప్పుడు మూడో గేరులో పూర్తిగా తిప్పి కొన్ని క్షణాలు పట్టుకోవాలి. పెద్ద జెట్టు అయితే ఇంజను బరువుగా, ముద్దగా, గొంతులో గుటకలు పడుతున్నట్టు పరిగెడుతుంది. ఒక్కో మెట్టు తగ్గించుకుంటూ వస్తే ఒకచోట ఆ గుటకలు పోయి శబ్దం తేటపడుతుంది. అక్కడ మరో పరీక్ష చేయాలి. పూర్తిగా తిప్పి ఉన్న యాక్సిలరేటరును ఇంచుక వెనక్కి తిప్పాలి. బండి కొంచెం మందగిస్తే మిశ్రమం సరిగానో, కాస్త చిక్కగానో ఉన్నట్టు. వెనక్కి తిప్పగానే బండి ముందుకు దూకినట్టు అనిపిస్తే మిశ్రమం పలచన. ఒక మెట్టు పెద్ద జెట్టుకు వెళ్లాలి. డిసెంబరులో నా బండి అంత హుషారుగా పరిగెత్తడం నాకు ఆనందం కలిగించింది గాని యాక్సిలరేటరును ఒక్కసారి వెనక్కి తిప్పి చూసి ఉంటే సంగతి అప్పుడే తెలిసేది.

తరువాత పైలట్. ఇంజను బాగా వేడెక్కాక ఐడ్లింగు నిలకడగా ఉండేట్టు చేసి, ఎయిర్ స్క్రూను అటూ ఇటూ తిప్పుతూ ఇంజను ఎక్కడ ఎక్కువ వేగంగా, నున్నగా తిరుగుతుందో చూడాలి. వీఎం కార్బురేటర్‌లో ఇది గాలిని అదుపుచేసే స్క్రూ. లోపలికి బిగిస్తే గాలి తగ్గి మిశ్రమం చిక్కబడుతుంది. పూర్తిగా బిగించిన స్థితి నుంచి ఒకటి, రెండు చుట్ల మధ్య ఆ స్థానం దొరికితే పైలట్ జెట్టు సరైనదే. ఒక చుట్టు లోపే దొరికితే పెద్ద జెట్టు, రెండున్నర దాటినా దొరకకపోతే చిన్న జెట్టు కావాలి. నా బండికి ముప్పావు చుట్టు దగ్గర దొరికింది. 25 తీసి 27.5 వేశాక ఒకటింపావుకు వచ్చింది.

నీడిల్ చివరిది. దానికి తల దగ్గర ఐదు గాడులు ఉంటాయి. క్లిప్పును కింది గాడిలోకి దించితే నీడిల్ పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. పై గాడిలోకి ఎక్కిస్తే తగ్గుతుంది. సగం గీత దగ్గర యాక్సిలరేటరును నిలిపి, ఎత్తైన చోటుకు ఎక్కించి, బండి తడబడుతోందా, గుటకలు వేస్తోందా చూసి ఒక్కో గాడి మార్చుకోవాలి. స్లైడు కోతను మార్చవలసిన అవసరం అరుదు.

ప్లగ్గు చూసి చెప్పడం

ప్లగ్గు 'ఇటుక రంగు'లో ఉండాలని పాత మెకానిక్కులు చెబుతారు. ఆ రంగుల పాఠం సీసం కలిసిన పెట్రోలు నాటిది. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో పూర్తిగా నిలిచిపోయింది. ఇప్పటి పెట్రోలు ప్లగ్గు మీద అంత త్వరగా రంగు వేయదు. కొత్త ప్లగ్గు పది కిలోమీటర్ల తరువాత కూడా తెల్లగా ఉండవచ్చు. చూడవలసింది కొన మీది రంగును కాదు, పింగాణీ లోపలికి దిగి లోహంతో కలిసే అడుగున ఏర్పడే సన్నని మసి వలయాన్ని. పూర్తి యాక్సిలరేటరుతో కొంత దూరం పోయి, క్లచ్ పట్టి, ఆ క్షణంలోనే ఇగ్నిషన్ ఆపి, బండిని దొర్లనిచ్చి ప్లగ్గు విప్పాలి. ఐడ్లింగులో నడిపించుకుంటూ ఇంటికి వచ్చి విప్పితే అది పైలట్ జెట్టు కథ చెబుతుంది. వలయం అసలు లేకపోయినా, పింగాణీ మీద మెరిసే చిన్న చుక్కలు కనిపించినా మిశ్రమం పలచగా ఉన్నట్టు.

మేస్త్రి అన్న మాటలోని లెక్క

ఇప్పుడు 'ఎండాకాలంలో సరిపోయుంటదండి' అన్న మాటకు వద్దాం. కార్బురేటర్ గాలిని ఘనపరిమాణంలో కొలుస్తుంది గాని మంటకు కావలసింది గాలి బరువు. గాలి వేడెక్కితే పలచబడుతుంది, ఎత్తుకు పోతే పలచబడుతుంది. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలి పీడనం కోస్తాలోకన్నా ఆరు శాతం తక్కువ. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలు, డిసెంబరు ఉదయం 20 డిగ్రీలు అనుకుంటే ఆ తేడా వల్ల గాలి సాంద్రత ఏడున్నర శాతం మారుతుంది. రెండూ కలిపితే, హైదరాబాదు మే నెల గాలికన్నా కృష్ణాతీరపు డిసెంబరు గాలి సుమారు 14 శాతం బరువైనది.

గాలి బరువు 14 శాతం పెరిగితే పెట్రోలు కూడా కొంత పెరుగుతుంది, సాంద్రత వర్గమూలానికి అనుగుణంగా. అంటే దాదాపు 7 శాతం. మిగిలిన 7 శాతం లోటు. మే నెలలో అంచున ఉన్న 100 నంబరు జెట్టుకు డిసెంబరు కోస్తాలో 107 కావలసి వచ్చింది. అంచు మీద నడిచే ఇంజనుకు 7 శాతం చిన్న సంఖ్య కాదు. అందరూ జాగ్రత్తపడే దిశ దీనికి విరుద్ధం. కొండ ఎక్కేముందు, అరకుకో హార్స్‌లీ హిల్స్‌కో పోయేముందు జెట్లు మార్చాలా అని అడుగుతారు. ఎత్తుకు పోతే మిశ్రమం చిక్కబడుతుంది. బండి మొరాయిస్తుంది, అంతే. ప్రమాదమంతా ఎత్తున ట్యూన్ చేసి కిందికి దిగడంలోనూ, ఎండలో ట్యూన్ చేసి చలిలో నడపడంలోనూ ఉంది.

ఇథనాల్

పాత బళ్ల యజమానులకు ఇప్పుడు మరో లెక్క వచ్చి పడింది. 2023 ఫిబ్రవరిలో మొదలైన 20 శాతం ఇథనాల్ పెట్రోలు 2025 నాటికి దేశమంతటా సాధారణమైంది. ఇథనాల్ పూర్తిగా మండడానికి బరువులో 9 పాళ్ల గాలి చాలు, ఎందుకంటే దానిలోనే కొంత ఆక్సిజన్ ఉంది. 20 శాతం కలిపిన ఇంధనానికి కావలసిన గాలి సుమారు 13.5 పాళ్లు, 10 శాతం కలిపినదానికి 14.1. అంటే అదే జెట్టుతో, అదే గాలితో నడుస్తున్న బండిలో ఇంధనం 10 నుంచి 20 శాతం ఇథనాల్‌కు మారితే మిశ్రమం నాలుగు శాతానికి పైగా పలచబడినట్టే. అచ్చమైన పెట్రోలు రోజుల్లో ట్యూన్ చేసి వదిలేసిన బండికైతే దాదాపు 8 శాతం. కొత్త బళ్లలో సెన్సార్లు ఈ తేడాను సర్దుకుంటాయి. కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు. ప్రవాహపు కొలతలో 100 ఉన్నచోట 105 కావాలి. వ్యాసపు కొలతలో 102 చాలు. సైలెన్సరూ ఫిల్టరూ ఏమీ మార్చని పాత బండికి కూడా ఈ లెక్క వర్తిస్తుంది కనుక, నేనేమీ మార్చలేదు కదా అని నిశ్చింతగా ఉండడానికి వీల్లేదు.

ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి నిలిపి ఉంచిన బండిలో ఫ్లోటు గది అడుగున తెల్లని మడ్డి పేరుతుంది. అది మొదట మూసేది అన్నిటికన్నా సన్నని రంధ్రం గల పైలట్ జెట్టునే. అప్పుడు మళ్లీ కేబులు పోగు బయటికి వస్తుంది. వారానికి మించి నిలిపేటప్పుడు పెట్రోలు కుళాయి కట్టి, ఫ్లోటు గది ఖాళీ అయ్యేదాకా ఇంజను నడపడం సులువైన నివారణ.

ప్రస్తుత స్థితి

మా బండికి రెండోసారి సిలిండరు తొలిపించి, సందు సరిచూసి, వెయ్యి కిలోమీటర్లు నెమ్మదిగా నడిపాక జెట్లు మొదటి నుంచి ఎంచుకున్నాము. క్లిప్పు మధ్య గాడిలో ఉంది. ప్రవాహపు కొలతలో హైదరాబాదు వేసవికి 105 సరిపోయింది. విజయవాడ చలికాలానికి లెక్క ప్రకారం 112 దగ్గర రావాలి; పరీక్షల్లో 110 చాలింది. గాలిలోని తేమను నేను లెక్కలోకి తీసుకోలేదు, అదొక కారణం కావచ్చు. ఈ అంకెలు ఇదే గొట్టం, ఇదే ఫిల్టరు ఉన్న మా బండివి.

విడి జెట్లు హోమియో మాత్రల సీసాల్లో ఉంటాయి. సీసాకొక చీటీ నాన్నగారు అంటించారు. వాటి మీద జెట్టు నంబరుతో పాటు ఊరి పేరు, నెల, ఆనాటి ఉష్ణోగ్రత, ఏ బంకు పెట్రోలు పోశామో రాసి ఉంటుంది.